టీ గ్లాసులో టర్కీ

కార్పెట్ కొనే ఉద్దేశమేమీ ఉండదు. ఊరికే చూసి వద్దామని ఇస్తాంబుల్ గ్రాండ్ బజారులో ఏదో దుకాణంలోకి అడుగుపెడతారు. కూర్చుని అరనిమిషం గడవకముందే దుకాణదారు గుమ్మంలోంచి తల బయటపెట్టి, వేళ్లతో ఏదో సైగ చేస్తాడు. కాసేపటికి ఓ కుర్రాడు ప్రత్యక్షం. చేతిలో మూడు ఊచలకు వేలాడే పళ్లెం. మన కూరగాయల దుకాణంలో తక్కెడ ఉంటుందే, అందులో ఒక సిబ్బిని ఊహించుకుంటే సరి. అందులో నడుము దగ్గర సన్నబడి, అంచు దగ్గర తులిప్ పువ్వులా విచ్చుకున్న బుల్లి గ్లాసులు. వాటినిండా ఎర్రటి టీ. అంత జనంలోంచి, అన్ని మలుపులు తిరుగుతూ పరుగులాంటి నడకతో వచ్చినా ఒక్క చుక్క ఒలికితే ఒట్టు!

'అయ్యో, వద్దండీ... మేం కొనడానికి రాలేదు' అని మనవాళ్లు మొహమాటపడిపోతారు. కొనమని ఇంకా ఎవరూ అడగలేదే! గుమ్మంలోకి వచ్చిన మనిషికి టీ ఇవ్వడం అక్కడి పద్ధతి. ఆ టీ వెనక కార్పెట్ అమ్ముకోవాలన్న ఆశ బొత్తిగా ఉండదని కాదు. వ్యాపారి వ్యాపారే. అయితే తాగి, నాలుగు మాటలు మాట్లాడి, ఏమీ కొనకుండా లేచి వచ్చేసినా ఫర్వాలేదు. తాగకుండా వచ్చేస్తేనే కాస్త చిన్నబుచ్చుకుంటారు.

టర్కీ... 2022 నుంచి ఐక్యరాజ్య సమితి రికార్డుల్లో దాని పేరు తుర్కియే. ఆ దేశానికి వెళ్లే తెలుగువాళ్ల సూట్‌కేసుల్లో ఆవకాయ సీసా, కందిపొడి, మరమరాలు, ఒక్కోసారి చిన్న రైస్ కుక్కర్ కూడా ఉంటాయి. 'అక్కడన్నీ కబాబులేనట, మనం ఏం తింటాం?' అన్నది బయల్దేరేముందు ఇంట్లో జరిగే పెద్ద చర్చ. తీరా వెళ్లాక అర్థమవుతుంది, ఆ సీసా మూత తీయాల్సిన అవసరం పెద్దగా రాదని. కూర, పప్పు, మజ్జిగ, అంబలి... అన్నీ అక్కడా ఉన్నాయి. పేర్లే వేరు.

కాఫీకి ముందు కడుపు నిండా

అక్కడ పొద్దుటి ఫలహారాన్ని 'కహ్వాల్తీ' అంటారు. 'కహ్వే' అంటే కాఫీ. కాఫీ తాగడానికి ముందు కడుపులో వేసుకునేది అని ఆ మాటకు అర్థం. అంటే ఏదో రెండు బిస్కెట్లనుకునేరు. ఒకసారి బల్ల మీద ఏమేం పెడతారో చూడండి. నల్లవీ పచ్చవీ ఆలివ్ కాయలు, రెండు మూడు రకాల చీజ్, టొమాటో, దోసకాయ ముక్కలు, ఉడికించిన గుడ్లు, గులాబీరేకుల జామ్, పుల్లటి చెర్రీ జామ్, వేడివేడి రొట్టె. వీటన్నిటి మధ్యా చిన్న పళ్లెంలో చుట్టలా చుట్టి పెట్టిన మీగడ, దానిమీద తేనె. గేదెపాల మీగడను 'కైమాక్' అంటారు. పాలు కాచి, మీగడ తీసి, పంచదార వేసి పిల్లలకు పెట్టే అమ్మమ్మల ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ పళ్లెం చూస్తే ప్రాణం లేచొస్తుంది. పక్కనే నువ్వుల ముద్దా, ద్రాక్షపాకమూ కలిపిన గిన్నె ఒకటి ఉంటుంది. బెల్లానికి బదులు ద్రాక్షరసాన్ని కాచిన పాకం... అంతే తేడా. మన నువ్వులుండను ముద్దగా నూరి గిన్నెలో పెట్టారనిపిస్తుంది.

ఇరాన్ సరిహద్దుకు దగ్గర్లో ఉన్న వాన్ అనే ఊరు ఈ ఫలహారాలకు పెట్టింది పేరు. కొండల మీద దొరికే ఆకులు కలిపి చేసే అక్కడి చీజ్ మరెక్కడా ఆ రుచి రాదంటారు. 2014లో ఆ ఊళ్లో 50 వేల మందికి పైగా ఒకేసారి కూర్చుని ఫలహారం చేసి గిన్నిస్ రికార్డు కొట్టారు. టిఫిన్ మీద అంత భక్తి!

ఇక 'మెనెమెన్'. టొమాటో, పచ్చిమిరప ముక్కలు నూనెలో మగ్గించి, గుడ్లు కొట్టి, రొట్టె ముక్కతో పెనంలోంచే అద్దుకుని తినే వంటకం. మన టొమాటో గుడ్డు కూరకు మేనత్త కూతురు. ఇందులో ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది ఆ దేశంలో ఎప్పటికీ తెగని పంచాయితీ. 2018లో వేదాత్ మిలోర్ అనే ఆహార విమర్శకుడు ట్విటర్లో ఇదే ప్రశ్న వేస్తే లక్షలమంది ఓట్లేశారు. ఉల్లిపాయ అతి స్వల్ప మెజారిటీతో గట్టెక్కింది. గోంగూరలో ఉల్లిపాయ నంజుకోవాలా, పచ్చడిలోనే కలపాలా అని మన ఇళ్లలో వాదులాడుకోమూ... అలాగన్నమాట.

ఇంత తీరిక లేనివాళ్లకు 'సిమిత్' ఉంది. ద్రాక్షపాకం కలిపిన నీళ్లలో ముంచి, ఒళ్లంతా నువ్వులు అద్ది కాల్చిన గుండ్రటి రొట్టె. పెద్దసైజు గాజులా మధ్యలో ఖాళీగా ఉంటుంది. వీధి చివర బండి మీద కొనుక్కుని, పడవ ఎక్కి, సముద్రం దాటుతూ ఒక చేత్తో సిమిత్, ఇంకో చేత్తో టీ గ్లాసు. ఇస్తాంబుల్లో ఆసియా ఒడ్డు నుంచి ఐరోపా ఒడ్డుకు ఆఫీసుకెళ్లే వేలమంది పొద్దుటి బతుకు ఇదే. సగం ముక్క వెంటపడే సముద్రపు కాకులకు పోతుంది. పిల్లలతో వెళితే ముప్పాతిక!

కుందేలు నెత్తుటి రంగు

ఆ టీ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. తలకు ఏడాదికి 3 కిలోలకు పైగా టీ పొడి వాడుతూ ప్రపంచంలో అందరికంటే ముందున్నది ఈ దేశమే. పొద్దస్తమానం టీ తాగుతామని చెప్పుకొనే మన దేశంలో ఆ లెక్క కిలో లోపే.

పాలు పోయరు. మరిగించి, వడగట్టి, ఎత్తు నుంచి పోసి నురగ తెప్పించే హడావుడి కూడా లేదు. రెండంతస్తుల కెటిల్ ఉంటుంది. కింది దాంట్లో నీళ్లు మరుగుతుంటాయి. ఆ ఆవిరి మీద పై దాంట్లో టీ ఆకు పావుగంట సేపు నిదానంగా దిగుతుంది. గ్లాసులో ముందు చిక్కటి డికాక్షన్ కొంచెం పోసి, ఆపైన వేణ్నీళ్లు కలుపుతారు. స్ట్రాంగు కావాలా, లైటు కావాలా అన్నది ఆ పాళ్లను బట్టి. సరిగ్గా కుదిరిన టీ రంగును 'కుందేలు నెత్తురు' అంటారు వాళ్లు. వినడానికి ఎలా ఉన్నా, సాయంత్రపు ఎండలో గ్లాసు ఎత్తి చూస్తే ఆ పోలిక నిజమేననిపిస్తుంది. రంగు కనబడాలనే గాజు గ్లాసు. పిడి ఉండదు కాబట్టి అంచు పట్టుకుని తాగాలి. తూర్పున ఎర్జురూమ్ వైపు పంచదార టీలో కలపరు. గట్టి పంచదార ముక్కను పళ్ల మధ్య పెట్టుకుని దాని మీదుగా టీ జుర్రుతారు. పాత తరంలో బెల్లం ముక్క కొరుక్కుంటూ టీ తాగిన మన తాతలకు ఇది కొత్తేం కాదు.

ఒక చిన్న జాగ్రత్త. గ్లాసు ఖాళీ అయ్యేకొద్దీ నింపుతూనే ఉంటారు. చాలనుకుంటే చెంచాను గ్లాసు మీద అడ్డంగా పెట్టాలి. అది తెలియక మొహమాటానికి ఆరేడు గ్లాసులు తాగి, రాత్రంతా హోటల్ గదిలో పైకప్పు చూస్తూ పడుకున్నవాళ్లు ఉన్నారు.

చిత్రం ఏమిటంటే, తరతరాల సంప్రదాయంలా కనిపించే ఈ టీ వాళ్లకు నిన్నమొన్నటిది. ఒకప్పుడు ఆ దేశానిది కాఫీ ప్రాణం. కాఫీ పండే యెమెన్ ఉస్మానియా సామ్రాజ్యంలో భాగంగా ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంతో సామ్రాజ్యం పోయింది. యెమెన్ పోయింది. కాఫీ పరాయి దేశపు సరుకైంది, ధర పెరిగింది. కొత్తగా ఏర్పడిన రిపబ్లిక్ తన నేలమీద ఏం పండుతుందా అని వెతుక్కుంది. నల్లసముద్రం ఒడ్డున ఏడాది పొడవునా వానలు కురిసే రిజె కొండలు కనబడ్డాయి. 1924లో అక్కడ తేయాకు సాగుకు చట్టం చేశారు. జిహ్ని దెరిన్ అనే వ్యవసాయాధికారి వెంటపడి రైతులను ఒప్పించాడు. 1930ల చివర్లో పొరుగునున్న జార్జియా నుంచి టన్నులకొద్దీ విత్తనాలు తెప్పించారు. 1947లో రిజెలో మొదటి ఫ్యాక్టరీ వచ్చింది. ఒకటి రెండు తరాలు తిరిగేసరికి దేశం దేశమంతా చేతిలోని కప్పు మార్చేసింది! 2022లో యునెస్కో ఈ టీ సంస్కృతిని అజర్‌బైజాన్‌తో కలిపి తన వారసత్వ జాబితాలో చేర్చింది.

పెళ్లిచూపుల్లో ఉప్పు కాఫీ

అలాగని కాఫీ మాయమైపోలేదు. రోజూ తాగేది టీ అయితే, మర్యాదకు కాఫీ. పౌడరులా మెత్తగా విసిరిన గింజల పొడిని, నీళ్లు, పంచదారతో కలిపి పొడుగుపిడి ఉన్న చిన్న గిన్నెలో సన్నసెగ మీద పెడతారు. పొంగు వచ్చీ రాకముందే దించేస్తారు. పైన నురగ నిలవాలి. నురగలేని కాఫీ ఇస్తే ఇల్లాలికి నామోషీ. వడగట్టరు కాబట్టి అడుగున ముద్ద మిగులుతుంది. తొలిసారి తాగేవాళ్లు ఆఖరి గుక్క దాకా వెళ్లి నోరంతా మట్టి తిన్నట్టు చేసుకుంటారు. రెండో కప్పుకి తెలివొస్తుంది. మిగిలిన ముద్దను పారబోయరు. కప్పును సాసర్లో బోర్లించి, చల్లారాక ఆ మరకల్లో జాతకం చూస్తారు. సాసరు కప్పుకి అంటుకుపోయి ఊడి రాకపోతే తలచుకున్నది జరుగుతుందని ఒక నమ్మకం.

అక్కడా పెళ్లిచూపులున్నాయి. అబ్బాయి తల్లిదండ్రులు అమ్మాయి ఇంటికి వెళ్లి అడుగుతారు. అమ్మాయి కాఫీ కప్పుల ట్రేతో వస్తుంది. ఇంతవరకూ మన సినిమాల్లో చూసిందే. తమాషా ఆ తర్వాత. అందరి కప్పుల్లో పంచదార వేసి, అబ్బాయి కప్పులో మాత్రం ఉప్పు వేస్తుంది. కొంటె పిల్లయితే మిరియాలు కూడా. అందరూ చూస్తుండగా మొహం చిట్లించకుండా ఆ కాఫీ మొత్తం తాగాలి. తాగితే ఓర్పున్నవాడన్నమాట. మన అమ్మాయిలకు ఈ సదుపాయం లేకపోయింది!

ఇస్తాంబుల్లో తొలి కాఫీ దుకాణాలు 1550లలో వెలిశాయి. సిరియా నుంచి వచ్చిన ఇద్దరు వ్యాపారులు పెట్టారని చరిత్రకారుడు పెచెవి రాశాడు. మగవాళ్లు పనులు మానుకుని అక్కడ చేరడం, కబుర్లు కాస్తా రాజకీయాల్లోకి దిగడం మొదలైంది. పాలకులకు నచ్చలేదు. 1633లో నాలుగో మురాద్ సుల్తాను కాఫీ దుకాణాలన్నీ మూయించాడు. తాగుతూ దొరికితే తల పోయేదని చెబుతారు. సుల్తాను పోయాడు, నిషేధమూ పోయింది. ఎమినోను ప్రాంతంలో 1871 నుంచి వేయించిన కాఫీపొడి అమ్ముతున్న కురుకహ్వెజీ మెహ్మెత్ ఎఫెందీ దుకాణం ముందు ఇప్పటికీ జనం బారులు తీరుతారు. అడ్రసు అడగక్కర్లేదు, వాసన పట్టుకుని వెళ్లొచ్చు. ఒక కప్పు కాఫీ తాగిన రుణం 40 ఏళ్లు గుర్తుంటుందని అక్కడి సామెత.

గుత్తి వంకాయ చూసి ఇమాము మూర్ఛపోయాడు

మాంసం తినేవాళ్లకు ఈ దేశంలో బెంగే అక్కర్లేదు. ఊరికో కబాబు, వీధికో దోనెర్. నిలువు ఊచకు గుచ్చి సెగ ముందు తిప్పుతూ చెక్కే ఈ మాంసమే అరబ్బు దేశాల మీదుగా హైదరాబాద్ వచ్చి 'షావర్మా' అయింది. 'తిప్పడం' అనే అర్థమున్న టర్కీ మాట 'చెవిర్మె' నుంచే షావర్మా పుట్టింది. మన ఇళ్లలో ఆదివారం ఉడికే కీమా, కూర్మా కూడా ఆ భాష నుంచే వచ్చాయి. 'కియ్మా' అంటే తరిగిన మాంసం. 'కవుర్మా' అంటే వేయించినది. పారశీకం, ఉర్దూ దాటుకుని వచ్చి మన నోట్లో పడేసరికి కాస్త అరిగాయి. అన్నట్టు, హైదరాబాద్‌కు టర్కీతో వియ్యం కూడా ఉంది. చివరి ఖలీఫా కూతురు దుర్రు షెహ్వార్, ఆమె బంధువు నీలోఫర్... ఇద్దరూ 1931లో ఏడో నిజాం కొడుకులను పెళ్లాడి ఇక్కడికి వచ్చినవాళ్లే. నీలోఫర్ ఆసుపత్రి ఆవిడ పేరు మీదిదే.

అసలు చిక్కు శాకాహారులకు అనుకుంటారు. నిజానికి ఐజియన్ తీరమంతా ఆలివ్ నూనెలో వండి చల్లగా వడ్డించే కూరలే. గింజ చిక్కుళ్లు, బీన్స్, ఆర్టిచోక్, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టి ఉడికించే 'సార్మా'. అన్నిటికీ రాజు 'ఇమామ్ బయిల్ది'. వంకాయను పొట్ట చీల్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి, టొమాటో కూరి, నూనెలో మగ్గిస్తారు. గుత్తి వంకాయే! కాకపోతే మసాలా ఉండదు, నువ్వులూ కొబ్బరీ ఉండవు. ఆ పేరుకి 'ఇమాము మూర్ఛపోయాడు' అని అర్థం. రుచికి పరవశించి పడిపోయాడని కొందరు, భార్య ఎంత నూనె ఖర్చుపెట్టిందో విని గుండె ఆగినంత పనైందని మరికొందరు. వంకాయ నూనె ఎంత తాగుతుందో తెలిసిన ఇల్లాళ్లు రెండో కథనే నమ్ముతారు.

ఊళ్లో పనివాళ్లు, దుకాణదారులు మధ్యాహ్నం తినే 'లోకంతా'లు టూరిస్టు హోటళ్లకంటే వెయ్యి రెట్లు నయం. మెనూ కార్డు చదవక్కర్లేదు. వేడి పళ్లేల్లో కూరలన్నీ ఎదురుగానే ఉంటాయి. ఇదీ, అదీ అని వేలు చూపిస్తే చాలు. ముందుగా మసూరు పప్పు సూప్, నిమ్మచెక్క పిండుకుని, ఎండుమిరప పలుకులు చల్లుకుని. అది తాగుతుంటే కాస్త చారూ కాస్త పప్పూ తాగుతున్నట్టు ఉంటుంది. రొట్టె ఎంత తింటే అంత. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోవాలి... 'ఎత్‌సిజ్'. మాంసం లేకుండా అని అర్థం. చూడటానికి శుద్ధ శాకాహారంలా కనిపించే అన్నం, చిక్కుడుగింజల కూర ఒక్కోసారి మాంసం ఉడికించిన నీళ్లతో వండుతారు. అడిగి తినడం మంచిది.

కారం కోసం నాలుక పీకే తెలుగువాళ్లకు దొరికే వరం 'చీ కోఫ్తె'. పేరుకి 'పచ్చి మాంసపు ఉండ'. ఒకప్పుడు నిజంగానే పచ్చి మాంసంతో చేసేవారు. ఇప్పుడు వీధి దుకాణాల్లో అమ్మేది మాంసం లేనిదే. సన్నటి గోధుమరవ్వ, టొమాటో ముద్ద, ఉర్ఫా ప్రాంతపు నల్లటి మిరప్పొడి వేసి చేత్తో చాలాసేపు పిసికి, లెట్యూస్ ఆకులో చుట్టి, పుల్లటి దానిమ్మ పాకం పోసి ఇస్తారు. ఒకటి తిన్నాక రెండోది అడగనివాళ్లు అరుదు.

భోజనంతోపాటు తాగడానికి ఐరాన్. పెరుగు, నీళ్లు, ఉప్పు. మజ్జిగే కదా అంటారా? అవును, మజ్జిగే. అల్లం, కరివేపాకు లేని మజ్జిగ. సుసుర్లుక్ అనే ఊళ్లో గ్లాసు మీద తెల్లటి నురగ గడ్డకట్టినట్టు నిలబడే ఐరాన్ ఇస్తారు. సోంపు వాసన వచ్చే మద్యం 'రాకీ'ని మెచ్చేవాళ్లూ అక్కడ తక్కువేం కాదు. నీళ్లు కలపగానే తెల్లగా మారుతుందని దాన్ని 'సింహం పాలు' అంటారు. 2013లో ఎర్దొగాన్ మన జాతీయ పానీయం ఐరానే అని ప్రకటించేసరికి రెండు వర్గాల మధ్యా పెద్ద రభసే అయింది. దక్షిణాన అదానా వెళితే మూడో రకం... 'షల్గామ్'. ముదురు ఊదా రంగు క్యారెట్లను ఉప్పునీళ్లలో ఊరబెట్టి తీసిన పుల్లటి నీళ్లు. ఊరగాయ జాడీ అడుగున మిగిలిన ఊటను గ్లాసులో పోసి ఇచ్చినట్టుంటుంది. ఇష్టపడితే ప్రాణం పెడతారు, లేదంటే రెండో గుక్క తాగరు.

చలి రాత్రుల అంబలి

బోజా సంగతి వేరు. చిరుధాన్యాన్ని ఉడికించి, వడగట్టి, పులియబెట్టి, పంచదార కలిపిన చిక్కటి పానీయం. చెంచాతో తినేంత చిక్కగా ఉంటుంది. తీపి, వెనకే పులుపు. పైన దాల్చినచెక్క పొడి చల్లి, గుప్పెడు వేయించిన శనగలు వేస్తారు. రాగి అంబలిలో పుట్నాల పప్పు వేసుకున్నట్టు! ఇస్తాంబుల్లోని వెఫా అనే పాత పేటలో 1876 నుంచి నడుస్తున్న బోజా దుకాణం ఒకటుంది. పాలరాతి బల్ల మీద గ్లాసులు వరుసగా నింపి పెట్టి ఉంటాయి. అతాతుర్క్ తాగిన గ్లాసును అద్దాల పెట్టెలో దాచారు. శనగలు మాత్రం ఎదురుగా ఉన్న దుకాణంలో వేడివేడిగా పొట్లం కట్టించుకుని రావాలి.

ఒకప్పుడు చలికాలపు రాత్రుల్లో భుజం మీద కావడితో 'బోజా...' అని సాగదీసి అరుస్తూ వీధులు తిరిగేవాళ్లు ఉండేవారు. పైఅంతస్తు నుంచి తాడు కట్టిన బుట్ట దిగేది, గిన్నె నింపి పైకి పంపేవారు. నోబెల్ రచయిత ఓర్హాన్ పాముక్ 2014లో అలాంటి ఒక బోజావాలానే నాయకుణ్ని చేసి నవల రాశాడు. అపార్ట్‌మెంట్లు పెరిగాయి, కిటికీలకు డబుల్ గ్లాసులు వచ్చాయి. కేక పైకి వినబడదు. ఇంకా ఆ వృత్తిలో ఉన్నవాళ్లు కొద్దిమందే.

పువ్వులు తవ్వి తెచ్చిన తీపి

చలికాలంలోనే దొరికే ఇంకో పానీయం సాలెప్. వేడి పాలు, చిక్కదనం, దాల్చినచెక్క. ఒక్క గుక్కకే ఒళ్లంతా వెచ్చబడుతుంది. ఆ చిక్కదనం కొండల్లో పూసే ఆర్కిడ్ మొక్కల దుంపలది. మన ఆయుర్వేద దుకాణాల్లో 'సాలం మిశ్రి' అంటారే, ఆ జాతిదే. కిలో పొడి కావాలంటే వెయ్యి నుంచి నాలుగు వేల దుంపలు కావాలి. ఒక్కో దుంపా ఒక్కో మొక్క ప్రాణం. తోటల్లో సులువుగా పెరగవు, అడవి నుంచే తవ్వి తేవాలి. అందుకే దుంపల ఎగుమతిని అక్కడి ప్రభుత్వం నిషేధించింది. బండ్ల మీదా ప్యాకెట్లలోనూ దొరికే సాలెప్ చాలావరకు గంజిపొడి, సువాసన కలిపిందే. 'అయ్యో, అసలుది కాదా' అని బాధపడేవాళ్లుంటారు. ఆర్కిడ్ల లెక్కలో చూస్తే ఆ నకిలీదే మేలు.

అదే పొడిని మేకపాలు, పంచదారతో కలిపి ఇనప కడ్డీలతో గంటలకొద్దీ బాదితే మరాష్ ఐస్‌క్రీమ్. సాగుతుంది, కరగదు, కత్తితో కోసి ఇస్తారు. పొడుగు కడ్డీ చివర కోన్ పెట్టి, అందుకోబోతే తిప్పేసి, పిల్లలను ఏడిపించి నవ్వించే ఐస్‌క్రీమ్‌వాలాలు మన మాల్స్‌లోనూ కనిపిస్తున్నారు కదా... ఆ విద్య పుట్టిల్లు కహ్రమాన్‌మరాష్.

ఆ ఊరు, దాని దక్షిణాన గాజియాన్‌తెప్, ఇంకా కిందికి వెళితే హతాయ్ ప్రాంతంలోని అంతాక్యా. టర్కీ వంటల పటంలో తీపి మూల ఇదే. గాజియాన్‌తెప్ బక్లావాకు 2013లో ఐరోపా సమాజం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. టర్కీ నుంచి ఆ గుర్తింపు పొందిన తొలి సరుకు అదే. అవతలి మనిషి కనబడేంత పల్చగా సాగదీసిన పొరల మీద పొరలు, మధ్యలో లేతగా ఉండగానే కోసిన ఆకుపచ్చని పిస్తాలు, నెయ్యి, పాకం. మన ఆత్రేయపురం పూతరేకులు చేసే ఆడవాళ్ల చేతివాటం తెలిసినవాళ్లకు ఆ పొరల విలువ వేరే చెప్పక్కర్లేదు. 2015లో గాజియాన్‌తెప్, 2017లో హతాయ్ యునెస్కో రుచుల నగరాల జాబితాలోకి ఎక్కాయి.

2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున 4 గంటల 17 నిమిషాలకు ఈ మూల భూమి కంపించింది. తీవ్రత 7.8. అదే రోజు మధ్యాహ్నం మరోసారి, 7.5. టర్కీలోనే 50 వేల మందికి పైగా చనిపోయారు. అన్నిటికంటే ఎక్కువ దెబ్బ తిన్నది అంతాక్యా. ముస్లిములు, క్రైస్తవులు, యూదులు పక్కపక్క వీధుల్లో బతికిన ఊరు. వాళ్ల పండగలతోపాటు వంటలూ కలిసిపోయిన ఊరు. పాత బజారులో పొయ్యిల దగ్గర నిలబడ్డ చేతులు, ఏ మిరపకాయ ఎప్పుడు ఎండబెట్టాలో నోటిలెక్కగా తెలిసిన అమ్మమ్మలు... ఎందరో ఆ శిథిలాల కింద ఉండిపోయారు. బతికినవాళ్లలో చాలామంది వేరే ఊళ్లకు చెదిరిపోయారు.

మర్నాడే మన దేశం 'ఆపరేషన్ దోస్త్' పేరుతో సహాయక దళాలను పంపింది. 'దోస్త్' అంటే టర్కీ భాషలోనూ స్నేహితుడే. హతాయ్‌లోని ఇస్కెందెరున్‌లో మన సైనిక వైద్యులు ఆసుపత్రి తెరిచి క్షతగాత్రులకు వైద్యం చేశారు. ఆ తర్వాత రెండు దేశాల మధ్య రాజకీయాలు చెడ్డాయి. 2025 మేలో వేలమంది భారతీయులు టర్కీ ప్రయాణాలు రద్దు చేసుకున్నారు. అది ప్రభుత్వాల సంగతి.

అంతాక్యాలో ముందుగా తెరుచుకున్నవాటిలో తిండి దుకాణాలున్నాయి. గోడలు లేకపోతే కంటెయినర్లలో. ఆ ఊరి పేరు చెబితే దేశమంతా తలచుకునే తీపి 'కునెఫె'. సేమియాలా సన్నటి పిండి దారాలను వెన్నతో కలిపి పళ్లెంలో పరుస్తారు. మధ్యలో అక్కడి ఉప్పులేని తాజా చీజ్. పైన మళ్లీ దారాలు. నిప్పుల మీద పళ్లేన్ని తిప్పుతూ ఒకవైపు ఎర్రబడ్డాక బోర్లించి రెండోవైపు కాలుస్తారు. చివర్లో చల్లటి పాకం పోస్తే చుయ్‌మంటుంది. ఇస్తాంబుల్లోనూ, అంకారాలోనూ కునెఫె దొరుకుతుంది. కానీ ఆ చీజ్ హతాయ్‌ది కావాలి. హతాయ్ పశువుల పాలు, హతాయ్ చేతులు. ఊరు వదిలి వెళ్లినవాళ్లు సొంతవాళ్ల ద్వారా ఆ చీజ్ తెప్పించుకుంటారు.

కునెఫె బల్ల మీదికి వచ్చాక ఫొటోలు తీసుకుంటూ కూర్చోకూడదు. చల్లారితే లోపలి చీజ్ గట్టిపడిపోతుంది. పొగలు కక్కుతుండగానే ఫోర్కుతో ఎత్తితే జానెడు పొడుగున సాగాలి. తిన్నాక వండినవాళ్లతో అనాల్సిన మాట ఒకటుంది... 'ఎలినిజె సాలిక్'. మీ చేతులు చల్లగా ఉండాలి అని మనవాళ్లు అన్నట్టే. ఆ మాట వినగానే వాళ్లు 'అఫియెత్ ఓల్సున్' అంటారు, వంటికి పట్టాలని. వెనకే ఓ బుల్లి గ్లాసు టీ వస్తుంది. దానికి డబ్బులు తీసుకోరు.